తాతగారి పెట్టెలో పాత రివాల్వర్ బయటపడితే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ఏం చెయ్యాలి

పాత మిద్దె పడగొట్టేటప్పుడో, అటక మీది ట్రంకు పెట్టె దించేటప్పుడో గుడ్డలో చుట్టిన రివాల్వర్ ఒకటి బయటపడుతుంది. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "వందేళ్ల నాటిది, దీనికి లైసెన్సు దేనికి?" ఆ మాట నమ్మి దాన్ని బీరువాలో పెట్టుకున్నవాళ్లే తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతారు. మన చట్టం వయసు ఒక్కటే చూసి ఏ తుపాకినీ వదిలెయ్యదు. అది పేలుతుందా, పేలకపోతే బాగుచేసి పేల్చవచ్చా అన్నది చూస్తుంది.

ఇంకో అపోహ కూడా తీర్చుకోవాలి. ఆయుధాలకు ఆంధ్రప్రదేశ్ చట్టం అంటూ విడిగా ఏదీ లేదు. రాజ్యాంగంలో ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి దేశమంతటికీ 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలే వర్తిస్తాయి. మన దగ్గర వాటిని నడిపించేది జిల్లా కలెక్టర్, జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో. విజయవాడ, విశాఖపట్నం లాంటి కమిషనరేట్లలో ఆ పని పోలీసు కమిషనర్‌ది. నెల్లూరు, ఒంగోలు వాళ్లు కలెక్టరేట్‌కే వెళ్లాలి.

దొరికిన గంటలో

ముందు అందరినీ ఆ గదిలోంచి బయటికి పంపండి. ముఖ్యంగా పిల్లల్ని. తుపాకి నిండి ఉందనే అనుకోండి. సుత్తి (తూటాను వెనక నుంచి కొట్టే ముక్క) వెనక్కి లాగి చూడటం, ట్రిగ్గర్ నొక్కి చూడటం, సిలిండర్ (తూటాలు పట్టే, తిరిగే భాగం) తిప్పి చూడటం ఏదీ వద్దు. గొట్టం ముందు నుంచి లోపలికి తొంగి చూడటం అసలే వద్దు.

పాత రివాల్వర్లు చాలావాటిలో సుత్తి మొన నేరుగా తూటా వెనక ఉండే కేపు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత) మీదే ఆని ఉంటుంది. ఇప్పటి తుపాకుల్లో మధ్యలో అడ్డుపడే ముక్క ఒకటి ఉంటుంది, ఈ పాతవాటిలో ఉండదు. చేతిలోంచి జారి సుత్తి గచ్చుకు తగిలితే చాలు, పేలిపోవచ్చు. పాతకాలపు నల్ల తుపాకిమందు పొడిగా ఉన్నంతకాలం ఎన్నేళ్లయినా చావదు. "ఇన్నాళ్లకి చెడిపోయుంటుందిలే" అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

తాకకుండానే ఒకటి చూడవచ్చు. పక్క నుంచి టార్చి వేస్తే సిలిండర్ వెనక అంచుకూ చట్రానికీ మధ్య సన్నని సందు కనబడుతుంది. ఆ సందులో ఇత్తడి అంచులు మెరిసినా, పచ్చగా చిలుం పట్టి ఉన్నా లోపల తూటాలున్నట్టే. ఇంకా పాతకాలపు మోడల్ అయితే తూటాలు ఉండవు. సిలిండర్ వెనక ప్రతి గది దగ్గరా చిన్న మొన, దాని మీద టోపీ లాంటి రాగి కేపు ఉంటాయి. ఏమీ కనబడలేదంటే ఖాళీ అని కాదు, మీకు కనబడలేదని మాత్రమే.

కిరోసిన్ పొయ్యకండి, నూనె వెయ్యకండి, గరుకు కాగితంతో రుద్దకండి. కావలి, కొత్తపట్నం, రామాయపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము మీద తుప్పు మందంగా పేరుకుంటుంది. నంబరు, కంపెనీ ముద్ర ఆ తుప్పు కిందే ఉంటాయి. రుద్దితే తుప్పుతోపాటు నంబరూ పోతుంది. సెక్షన్ 8 ప్రకారం గుర్తింపు గుర్తులు చెరిపెయ్యడం నేరం. గుర్తులు చెరిగిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే, వేరేలా రుజువయ్యేదాకా, వాళ్లే చెరిపారని చట్టం అనుకుంటుంది. శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశం అక్కడ అక్కరకు రాదు.

ఫోటో కావాలంటే ఉన్నది ఉన్నచోటే రెండు మూడు తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఆ గదికి తాళం వెయ్యండి. పెట్టెలో తూటాలు, సీసపు గుండ్లు, కేపుల డబ్బా, మందు పోసుకునే కొమ్ము లాంటివి ఉంటే వాటినీ కదిలించవద్దు. చట్టంలో మందుగుండు అన్న మాట కిందికి అవన్నీ వస్తాయి. తుపాకికి లైసెన్సు లేకపోతే అవి ఉండటం దానికదే వేరే నేరం.

స్టేషన్‌కు తుపాకి తీసుకెళ్లకండి, కాగితం తీసుకెళ్లండి

చాలామంది చేసే తప్పు ఇదే. నిజాయితీగా అప్పగిద్దామని సంచిలో వేసుకుని బండి డిక్కీలో పెట్టుకుని బయలుదేరతారు. దారిలో తనిఖీ జరిగితే కనబడేది లైసెన్సు లేని తుపాకితో తిరుగుతున్న మనిషే. ఇంట్లోనే ఉంచి, రాతపూర్వకంగా స్టేషన్‌లో చెప్పి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి.

సెక్షన్ 21 ఇందుకే ఉంది. లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు చనిపోయినా, మరే కారణం వల్లనైనా ఆయుధం ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే, అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గర గానీ జమ చెయ్యాలి. "జాప్యం లేకుండా" అన్న మాట తేలిగ్గా తీసుకోకండి. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, సంక్రాంతికి అన్నదమ్ములందరూ వచ్చాక మాట్లాడదాం అని వాయిదా వేస్తే ఆ మాట మీకే ఎదురు తిరుగుతుంది.

అర్జీ ఇలా ఉంటే సరిపోతుంది:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా గ్రామం, డోర్ నంబరు ఫలానా మా ఇంట్లో, ఫలానా తేదీ ఉదయం పాత సామాను సర్దుతుండగా చనిపోయిన మా తాతగారి పెట్టెలో ఒక రివాల్వర్ లాంటి ఆయుధం, దానితోపాటు తూటాల్లాంటివి కనిపించాయి. మేము వాటిని తాకలేదు. గదికి తాళం వేశాము. ఆయుధ చట్టం సెక్షన్ 21 ప్రకారం జమ చెయ్యదలచాము. దయచేసి సిబ్బందిని పంపి, పంచనామా చేసి స్వాధీనం చేసుకుని రసీదు ఇప్పించగలరు. తాతగారి పేరిట లైసెన్సు ఉందో లేదో కలెక్టరేట్‌లో వాకబు చేస్తున్నాము."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. జనరల్ డైరీలో నమోదు చేసిన నంబరు అడగండి. సిబ్బంది వచ్చినప్పుడు ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల్ని, వీలైతే వీఆర్వోను పిలిపించండి. పంచనామాలో తయారీ పేరు, నంబరు, సిలిండర్‌లో గదులెన్ని, తూటాలెన్ని, తుప్పు ఎంత పట్టింది, ఏ భాగం విరిగింది అన్నవి రాయించండి. రసీదులో "పాత తుపాకి ఒకటి" అని మాత్రం రాసి ఇస్తే ఒప్పుకోకండి. రేపు తిరిగి తీసుకునేటప్పుడు అదే తుపాకి అని మీరు చూపించాల్సింది ఆ కాగితంతోనే.

తాతగారికి ఎప్పుడూ లైసెన్సే లేదని మీకు ముందే తెలిస్తే పరిస్థితి వేరు. అప్పుడు కూడా దాచిపెట్టడం దారి కాదు. కాకపోతే క్రిమినల్ కేసులు చూసే వకీలుతో మాట్లాడి, ఆయన్ను వెంటబెట్టుకుని అర్జీ ఇవ్వండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, పైన జరిమానా. ఈ కేసులో ప్రాసిక్యూషన్‌కు జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి ముందుగా ఉండాలి. మీరే ముందుకొచ్చి ఇచ్చిన అర్జీ ఆ ఫైలులో ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది.

పాత లైసెన్సు ఏ జిల్లాలో వెతకాలి

ఇది మన రెండు జిల్లాల వాళ్లకే ఉన్న చిక్కు. ప్రకాశం జిల్లా పుట్టింది 1970 ఫిబ్రవరి 2న, ఒంగోలు జిల్లా పేరుతో. 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంతకు ముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నెల్లూరు జిల్లా. ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు గుంటూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు జిల్లా. 1953 అక్టోబరు 1కి ముందైతే కాగితం మీద మద్రాసు ముద్ర ఉంటుంది. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడిపోయాయి.

అందుకే పొదిలిలో తాతగారికి 1965లో లైసెన్సు ఇచ్చి ఉంటే, ఒంగోలులో అడిగితే మొదటి మాటగా "మా దగ్గర లేదు" అంటారు. అంతటితో వదిలెయ్యకండి. 1970లో ఫైలు నెల్లూరు నుంచి ఒంగోలుకు బదిలీ అయిందా, అక్కడే ఉండిపోయిందా అని రెండు చోట్లా రాతపూర్వకంగా అడగాలి. కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసేది మెజిస్టీరియల్ విభాగం. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. అందులో తాతగారి పూర్తి పేరు, ఆయన తండ్రి పేరు, గ్రామం, అప్పటి తాలూకా, చనిపోయిన సంవత్సరం రాయండి. తుపాకి నంబరు తెలిస్తే తప్పక రాయండి, పేరు కంటే నంబరుతోనే రిజిస్టరులో త్వరగా దొరుకుతుంది. ఇంట్లో పాస్‌బుక్కు లాంటి చిన్న పుస్తకం దొరుకుతుందేమో కూడా చూడండి. రెన్యువల్ ముద్రలు, కొన్న తూటాల లెక్క అందులోనే ఉంటాయి. భూమి దస్తావేజుల మధ్య పెట్టి ఉండటం మామూలే.

పుస్తకం దొరికినంత మాత్రాన లైసెన్సు బతికున్నట్టు కాదు. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో యూఐఎన్ అనే విశిష్ట సంఖ్య ఉండాలి. అది లేని లైసెన్సు చెల్లదు. అయినా ఆ పుస్తకానికి విలువ ఉంది, తుపాకి మీ ఇంటికి దొంగదారిన రాలేదని చూపించేది అదే.

"పురాతనం" అంటే చట్టం ఏమంటుంది

సెక్షన్ 45లో ఒక మినహాయింపు ఉంది. కాలం చెల్లిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకిగా వాడటానికి పనికిరాని ఆయుధానికి ఈ చట్టం వర్తించదు. మొదటి సగం చదివి ఆగిపోవడం వల్లే ఇన్ని అపోహలు. బరువంతా చివరి సగంలో ఉంది. 1880 నాటి రివాల్వర్ అయినా స్ప్రింగు మారిస్తే పేలేటట్టుంటే మినహాయింపు మీద ఆశ పెట్టుకోవద్దు. సుత్తి విరిగిందని, ట్రిగ్గర్ బిగుసుకుపోయిందని సంబరపడవద్దు, అవి మరమ్మతుకు లొంగేవే. సిలిండర్ గోడలు తుప్పుకు చిల్లులు పడి, గొట్టం లోపల పూడిపోయి, చట్రమే తినేసినప్పుడు ఆ మాటకు బలం వస్తుంది.

ఆ సంగతి తేల్చేది మీరు కాదు, ఊళ్లో కమ్మరి కాదు. పోలీసు శాఖలో ఆయుధాలు చూసే నిపుణుడు (ఆర్మరర్) గానీ ఫోరెన్సిక్ లేబొరేటరీ గానీ పరీక్షించి రాసివ్వాలి. ఆ నివేదిక ప్రతి చేతికి వచ్చేదాకా తుపాకి స్టేషన్‌లో ఉండటమే మీకు మేలు.

2020 ఫిబ్రవరిలో నియమాలకు ఒక సవరణ వచ్చింది. క్యూరియో (సేకరణగా దాచుకునే పాత వస్తువు) వర్గం కిందికి వచ్చే చిన్న ఆయుధాలను కొనడానికి, ఉంచుకోవడానికి భారత పౌరులకు లైసెన్సు అక్కర్లేదన్నారు. కానీ వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించాలన్నా లైసెన్సు కావాలి. లైసెన్సులో ఎక్కించకుండా దానికి తూటాలు అమ్మరు. ఈ సవరణ పేరు చెప్పి పాత రివాల్వర్లు అమ్మజూపేవాళ్లుంటారు. మీ తుపాకి ఆ వర్గంలోకి వస్తుందని కలెక్టరేట్ నుంచి కాగితం మీద తీసుకోకుండా ఆ మాట మీద అడుగు వెయ్యకండి.

బోరు చూడకుండా దరఖాస్తు పెట్టకండి

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. రివాల్వర్ అంటే అన్నీ ఒకటి కావు. 380, 455 రిమ్ముడు (వెనక అంచు బయటికి ఉండే) తూటాలు పట్టే ఏ రివాల్వరైనా నిషిద్ధ బోరు. వాడుకలో పీబీ అంటారు. దానికి లైసెన్సు కలెక్టర్ ఇవ్వలేరు, ఫైలు కేంద్ర హోం శాఖదాకా వెళ్లాలి. నిషిద్ధ ఆయుధాలకు శిక్ష కూడా వేరు, 7 నుంచి 14 ఏళ్లు. 32 బోరు అయితే మామూలు వర్గం, ఎన్‌పీబీ, అంటే నిషిద్ధం కాని బోరు, కలెక్టర్ స్థాయిలోనే తేలుతుంది.

మన ఇళ్లలో సైన్యంలో చేసి వచ్చిన పెద్దల పెట్టెల్లో బయటపడేవి ఎక్కువగా బ్రిటిష్ సైన్యపు నమూనాలే. 1915లో వచ్చిన వెబ్లీ మార్క్ సిక్స్ 455 బోరు, ఆరు గదులు, ఆరంగుళాల గొట్టం. 1932లో సైన్యం తీసుకున్న ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ 380 బోరు. రెండూ నడుం దగ్గర మడిచి తెరిచేవే, రెండూ పీబీ కిందికే వస్తాయి. చట్రం మీద ముద్రలో బాణం గుర్తు ఉంటే అది ఒకప్పుడు ప్రభుత్వ ఆస్తి. అది ఇంటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న తప్పక వస్తుంది. సర్వీసు కాగితాలు, డిశ్చార్జి పుస్తకం వెతికి పెట్టుకోండి.

మార్చిన రివాల్వర్లు

ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. మార్పుల్లో మూడు రకాలు కనబడతాయి.

మొదటిది చరిత్రలో జరిగినది. 1860ల దాకా రివాల్వర్లలో చాలావాటికి మందు, గుండు ముందు నుంచి కూరి, వెనక కేపు పెట్టేవాళ్లు. వెనక నుంచి తూటా పెట్టేలా సిలిండర్‌ను ఈ చివర నుంచి ఆ చివరిదాకా తొలిచే పద్ధతి మీద అమెరికాలో రోలిన్ వైట్ పేటెంట్ 1869లో ముగిసింది. ఆ తర్వాత కంపెనీలే పాత నమూనాలను తూటా రకంలోకి మార్చి అమ్మాయి. ఆనవాళ్లు పైకే కనబడతాయి: సిలిండర్ వెనక విడిగా బిగించిన పలక, పక్కన తెరుచుకునే చిన్న తలుపు, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు వెనక్కి తోసే కడ్డీ. సిలిండర్ మీద ఒక నంబరు, చట్రం మీద ఇంకో నంబరు కనబడినా మార్పు జరిగి ఉండవచ్చు. పంచనామాలో రెండు నంబర్లూ రాయించండి. ఇలాంటిది "కేపు తుపాకి" అని చెప్పి వదిలించుకోలేరు. తూటా పడుతుంది కాబట్టి ఏ తూటా పడుతుందన్నదాన్ని బట్టే వర్గం తేలుతుంది.

రెండోది బోరు మార్పు. పెద్ద బోరు గొట్టంలో లోపల ఇంకో గొట్టం దూర్చి చిన్న బోరు చేస్తారు. లైసెన్సు ఉన్న తయారీదారు చేసి, ఆ మార్పు లైసెన్సులో ఎక్కితేనే అది చెల్లుతుంది. పుస్తకంలో 32 అని ఉండి, గొట్టం మీద 455 అని ముద్ర ఉంటే మార్పుకు అనుమతి ఇచ్చిన కాగితం కూడా ఉండాలి. లేకపోతే రెన్యువల్ దగ్గరే ఆగిపోతుంది.

మూడోది లేత్ షాపుల్లో గుట్టుగా జరిగే పని. బొమ్మ తుపాకిని, శబ్దం మాత్రమే చేసే తుపాకిని నిజమైనదిగా మార్చడం, నల్లమల అంచు ఊళ్లలో అడవి పందుల కోసం ఉంచుకునే నాటు తుపాకిని తూటా రకంలోకి తిప్పడం, గొట్టం కొయ్యడం. సెక్షన్ 6 వీటన్నిటినీ నిషేధిస్తుంది. 2019 సవరణతో ఒక వర్గం తుపాకిని ఇంకో వర్గంలోకి మార్చడం కూడా అందులో చేరింది. శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా.

చట్టం మాట అటుంచినా, ఇది చేతులు పోగొట్టే పని. నల్ల తుపాకిమందు కాలడం వల్ల పుట్టే ఒత్తిడి తక్కువ. పాత సిలిండర్ గోడలు ఆ ఒత్తిడికే సరిపోయేలా చేశారు. ఇప్పటి పొగలేని మందు తూటాలో ఒత్తిడి ఒక్కసారిగా చాలా ఎక్కువకు ఎగబాకుతుంది. పేలే క్షణంలో గొట్టానికి ఎదురుగా ఉన్న పై గది గోడ చీలి, ఇనుప ముక్కలు పక్కకూ పైకీ లేస్తాయి. కాల్చినవాడి ముఖానికి అది మహా అయితే చెయ్యి చాచినంత దూరం. పాత కోల్ట్ నమూనాల్లో సిలిండర్ పైన చట్రపు పట్టీ కూడా ఉండదు, అడ్డుపడేది ఏమీ లేదు.

కొందరు రివర్సులో ఆలోచిస్తారు: గొట్టంలో సీసం పోసో, వెల్డింగు పెట్టించో "పనికిరాకుండా" చేసేస్తే పీడ పోతుందని. వద్దు. అనుమతి లేకుండా తుపాకికి చేసే పని ఏదైనా మీ మీదికే వస్తుంది. పైగా ఆ వెల్డింగును తీసి బాగుచెయ్యవచ్చని నిపుణుడు రాస్తే మినహాయింపూ దక్కదు.

వారసులుగా ఉంచుకోవాలనుకుంటే

2016 నియమాల్లో 25వ నియమం వారసుల గురించి. లైసెన్సుదారు చనిపోయాక చట్టబద్ధ వారసుడికి లైసెన్సు ఇవ్వవచ్చు. బతికుండగానే ఇవ్వాలంటే ఆయనకు 70 ఏళ్లు నిండాలి, లేదా ఆ ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గర ఉండాలి, ఏది ముందైతే అది. ఇంట్లో నాన్నగారో పెద్దనాన్నో 70 దాటి ఉంటే, ఇప్పుడే ఆయన చేత నామినేట్ చేయించి దరఖాస్తు పెట్టించండి. ఆయన పోయాక పడే తిప్పల్లో సగం తప్పుతాయి.

దరఖాస్తు ఫారం ఏ-1, ఆయుధ లైసెన్సుల జాతీయ పోర్టల్‌లో. దానితోపాటు మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత లైసెన్సు, స్టేషన్ రసీదు, వైద్య ధ్రువపత్రం, శిక్షణ ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు గురించి హామీ, మిగతా వారసులందరి నిరభ్యంతర అఫిడవిట్లు కావాలి. వయసు 21 నిండాలి. ఫైళ్లు ఎక్కువగా ఆగేది చివరి అఫిడవిట్ల దగ్గరే. కుటుంబ సభ్యుల పత్రంలో ఉన్న ప్రతి పేరూ సంతకం చెయ్యాలి, పెళ్లయి వెళ్లిన అక్కచెల్లెళ్లతో సహా. అమెరికాలో ఉన్న తమ్ముడి సంతకం కావాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, వాట్సాప్‌లో వచ్చిన స్కాన్ చెల్లదు.

ఒక మనిషి దగ్గర ఇప్పుడు రెండు తుపాకులే ఉండాలి. 2019కి ముందు మూడు. వారసత్వంగా వచ్చినా ఆ రెండు దాటకూడదు. లైసెన్సు కాలం 5 ఏళ్లు. తిరస్కరిస్తే కారణాలు రాసి ఇమ్మని అడగండి, సెక్షన్ 18 కింద అప్పీలుకు అవి కావాలి.

ఉంచుకోవద్దనుకుంటే జమ చేసిన స్టేషన్ నుంచే లైసెన్సు ఉన్న డీలరుకు గానీ, అర్హత ఉన్న లైసెన్సుదారుకు గానీ అమ్మవచ్చు. నిర్ణీత గడువులో తిరిగి తీసుకోకపోయినా, అమ్మకపోయినా జిల్లా మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో అది ప్రభుత్వపరమవుతుంది. తేదీ గుర్తు పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు

"ఇక్కడ 1898 లోపుదైతే కాగితాలే అక్కర్లేదు నాన్నా" అని ఫోనులో చెబుతుంటారు. అక్కడి ఫెడరల్ చట్టానికి సంబంధించినంతవరకు నిజమే. 1968 చట్టం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనదాన్ని పురాతనంగా చూస్తుంది. కానీ అక్కడా రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూయార్క్‌లో కేపు రివాల్వర్ పురాతనంగా లెక్కకు రావాలంటే ఖాళీగా ఉండాలి. తూటా రకమైతే ఆ తూటా మార్కెట్‌లో మామూలుగా దొరకనిదై ఉండాలి. పాత నమూనాకు కొత్తగా చేసిన నకలులో తూటా సిలిండర్ బిగిస్తే ఫెడరల్ మినహాయింపు కూడా అనుమానంలో పడుతుంది.

అక్కడ గోడకు చట్టబద్ధంగా వేలాడే ఆ రివాల్వర్ చెన్నై విమానాశ్రయంలో దిగితే లైసెన్సు లేని దిగుమతి. సెక్షన్ 10 ప్రకారం దిగుమతికీ ఎగుమతికీ లైసెన్సు ఉండాలి. ఇక్కడి నుంచి తాతగారి రివాల్వర్‌ను జ్ఞాపకంగా అక్కడికి తీసుకెళ్లడమూ కుదరదు: వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తు చట్టం కూడా అడ్డు వస్తుంది, దాని ప్రకారం పురావస్తువులను దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు.